రౌట్లు కాదు, కాపలా కుదించండి

రౌటు ఫైలులో లూపు రాసేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఈ వీడియో మీకు నచ్చదు. రౌటు అంటే ఏ వెబ్ చిరునామాకు ఏ కోడు జవాబివ్వాలో చెప్పే వరుస. కాపలా అంటే లోపలికి ఎవరిని రానివ్వాలో చూసే తనిఖీ.

గొడవ తెలిసిందే. జావాస్క్రిప్ట్‌లో వెబ్‌సైట్లు కట్టే ఎక్స్‌ప్రెస్‌లో చదవడానికి గెట్, చేర్చడానికి పోస్ట్, మార్చడానికి పుట్, తీసేయడానికి డిలీట్ అని నాలుగు వరుసలు. యూజర్లకు ఒకసారి, ఆర్డర్లకు ఒకసారి, బిల్లులకు ఇంకోసారి. చూడగానే కొందరికి చేతులు దురద పెడతాయి. పేర్లన్నీ ఒక జాబితాలో పడేసి, ప్రతి పేరుకూ అదే కోడు నడిచేలా లూపు తిప్పి, పేజీడు కోడును గుప్పెడు చేసి మురిసిపోతారు. నేననేది ఒక్కటే: మీరు తీసేసింది తప్పు పునరుక్తిని! చిరునామా పదిసార్లు రాస్తే కొంప మునగదు. కాపలా పదిసార్లు రాస్తేనే మునుగుతుంది.

మాదాపూర్‌లో ఒక ఆఫీసు కోడు చూశాను, పేరు అనవసరం. లూపు జాబితాలో కొత్తగా బిల్లులు చేర్చారు. లూపు పుణ్యమా అని బిల్లులకు డిలీట్ దారి కూడా తెరుచుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు. పోనీ ఆ దారి ఎక్కడుందో వెతుకుదామంటే, ఫైళ్లన్నీ గాలించినా ఆ చిరునామా ఎక్కడా దొరకదు. సగం జాబితాలో, సగం లూపులో!

మన హైదరాబాద్ ఇంటి నంబర్లే చూడండి. జూబ్లీహిల్స్‌లో 8-2-293/82 అని మొదలవుతుంది, ఆ తర్వాత ఇంకో గీత, ఇంకో అక్షరం, ఇంకో అంకె. వార్డు, బ్లాకు, ఇల్లు, దానికి ఉపసంఖ్య. పద్ధతిగా చూస్తే ఎంత ముచ్చట! డెలివరీ అబ్బాయి మాత్రం ఫోను చేసి, ‘సార్, దగ్గర్లో గుడి ఏదైనా ఉందా?’ అంటాడు. రౌట్లను ఒకదాని లోపల ఒకటిగా అంచెలంచెలుగా పేర్చేవాళ్లు కట్టేది ఇలాంటి కాలనీలే. ఒక్క అంచెకు మించి లోపలికి వెళ్లవద్దని ఎక్స్‌ప్రెస్ లాంటిదే అయిన రైల్స్ మార్గదర్శిని కూడా చెబుతుంది. వినేదెవరు?

‘పునరుక్తి వద్దని పెద్దలే చెప్పారు కదా’ అంటారు. ఏమని చెప్పారు? 1999లో ఆండీ హంట్, డేవ్ థామస్ తమ ‘ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకంలో అన్నది, ఒక విషయం వ్యవస్థలో ఒకే చోట ఉండాలని. ఒకేలా కనిపించే రెండు వరుసల్ని కలిపేయమని కాదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ నుంచి హైటెక్ సిటీ ఇంటర్వ్యూ గదికి చేరేలోగా సూత్రం పేరు మిగిలింది, సారం దారిలో రాలిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ‘లాగిన్ అయ్యాడా లేదా చూడు’ అనేది ఒక్క నిర్ణయం. దాన్ని ప్రతి రౌటు పక్కనా అతికిస్తున్నారు. ఒక్కచోట మరిచిపోతే చాలు, ఎవరైనా లోపలికి రావచ్చు. వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ ఇచ్చే ప్రమాదాల జాబితాలో అనుమతుల తనిఖీ లోపాలు 2017లో ఐదో స్థానంలో ఉండేవి, 2021లో మొదటి స్థానానికి ఎక్కాయి. ఊరికే ఎక్కాయా? పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగో వాళ్లకు ఇది అర్థమైంది. ఏళ్ల తరబడి ప్రతి వ్యూ (చిరునామాకు జవాబిచ్చే కోడు) నెత్తినా లాగిన్ గుర్తు తగిలించమన్నవాళ్లే, 2024 ఆగస్టులో వచ్చిన 5.1లో దానికొక మిడిల్‌వేర్, అంటే వచ్చే ప్రతి అభ్యర్థనా ముందుగా దాటాల్సిన కోడు, ఇచ్చారు. అది పెట్టుకుంటే అన్నీ మూసే ఉంటాయి, తెరవాల్సినవాటికే మినహాయింపు రాస్తారు. ఎక్స్‌ప్రెస్‌లో అయితే 2014లో నాలుగో వెర్షన్ నుంచి రౌట్లను ఒక కట్టగా ఉంచే రౌటర్ ఉంది. దాని మొదటి వరుసలో తనిఖీ పెట్టండి, మొదటి వరుసలోనే. మధ్యలో పెడితే పైన రాసిన రౌట్లకు కాపలా ఉండదు, అవి ముందే జవాబిచ్చేస్తాయి. పీహెచ్‌పీ వాళ్ల లారవెల్‌లో చాలా రౌట్లకు ఒకేసారి కాపలా పెట్టే గ్రూపు ఉంది. ఇన్ని ఉండగా లూపు దేనికండీ?

రైల్స్ అభిమానులు ఈపాటికి లేచి ఉంటారు: ‘మా రిసోర్సెస్ అనే ఆదేశం ఒక్క వరుసలో ఏడు చర్యలిస్తుంది, అదీ లూపే కదా?’ కాదు. ఆ ఏడూ ఏమిటో ప్రతి రైల్స్ ప్రోగ్రామరుకూ తెలుసు. ఓన్లీ అని రాసి కావాల్సిన రెండే ఉంచుకోవచ్చు. రైల్స్ రౌట్స్ అని కొడితే మొత్తం జాబితా తెర మీద పడుతుంది. మీ సొంత లూపుకు అలాంటి ఆజ్ఞ ఉందా? ఉంటే చూపించండి, వచ్చే వీడియోలో నేనే నడిపి చూపిస్తాను.