ఎండిపోయిన కొల్లేరు చచ్చిపోలేదు!

మే నెలలో కొల్లేరు చూసి "సరస్సు ఎక్కడుంది బాబూ, అంతా బీటలే కదా, అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, దేనికి, మూడుకి దించెయ్యండి" అంటున్నారే, ఈ వీడియో వాళ్ళకే. ఎండిన కొల్లేరు చచ్చిన కొల్లేరు కాదండీ, నిద్రపోతోంది. నిద్రపోతున్నోడి కింద నుంచి మంచం లాక్కుపోతారా ఎవరైనా?

ఆ బీట దగ్గర కూర్చుని మట్టి తవ్వి చూడండి. పైన పెంకులా ఉంటుంది, కాస్త లోతుకెళ్తే చల్లగా, తడిగా తగులుతుంది. అందులో నత్త ఉంటుంది. గుల్లకి మూత బిగించేసి తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి పడుకుంటుంది. వాన నీళ్ళు తగిలాయా, మూత తీస్తుంది. అప్పుడు దిగుతుంది నత్తగుల్ల కొంగ. దాని ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది, గమనించారా? ఈ బురద లేకపోతే ఆ ముక్కుకి పనేంటి? కొర్రమీనైతే గాలి పీల్చే చేప, నీళ్ళు అడుగంటినా బురదలో దూరి కాలక్షేపం చేస్తుంది. తామర దుంపలు, తుంగ గడ్డలు, కిక్కిస మొదళ్ళు అన్నీ అక్కడే.

అన్నట్టు, ఊదా పూల ముందు నిలబడి రీల్స్ తీస్తున్నారే, అది గుర్రపు డెక్క తల్లీ! దక్షిణ అమెరికా నుంచొచ్చి తిష్ట వేసిన చుట్టం. కింద నీళ్ళకి వెలుతురు లేదు, చేపకి ఊపిరి లేదు. దాని విత్తనాలు కూడా అదే బురదలో ఏళ్ళ తరబడి నక్కి ఉంటాయి, దొంగ మొహంది.

సరే, అసలు మాట. కొల్లేరుని చంపేది ఎండ కాదు, గట్లు కట్టి ఏడాదంతా నీళ్ళు నిలబెట్టే చేపల చెరువులు! ఎండాల్సిన చోట ఎండనివ్వరు, పారాల్సిన చోట పారనివ్వరు. పైనుంచి నీళ్ళు తగ్గితే, కొల్లేరుని సముద్రంతో కలిపే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎదురొస్తుంది. తిట్లు మాత్రం ఎండకి!

1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అంటూ గట్లు తెగ్గొట్టారు. మళ్ళీ లేచాయి! సొంత పట్టా భూములు అభయారణ్యంలో ఇరుక్కుపోయిన జిరాయితీ రైతుల బాధ నిజమే, పరిహారం కోసం గట్టిగా అడగండి, నేనూ అరుస్తా. దానికి సరస్సుని కోస్తామంటే మాత్రం ఊరుకోను.

కొల్లేట్లో పక్షుల కేంద్రం ఆటపాక వెళ్ళినవాళ్ళు గూడబాతుల్ని చూసేసి బండెక్కేయకండి. ఎక్కడైనా బీటలో మూత బిగించిన గుల్ల కనిపిస్తే ఫోటో తీసి పంపండి. గుల్లని మాత్రం కదపకండి, ఇంకా వాన రాలేదు.