గోడ మీద ఎర్ర గుర్తు

సుధ: నమస్కారం. పోయినసారి మాట ఇచ్చినట్టే ఈ వారం ఎపిసోడ్‌లో జబల్పూరు కేసు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. సమన్యాయ పాలన అని బడిలో అందరం చదువుకున్నాం. అది సాక్షాత్తూ సుప్రీంకోర్టులోనే ఓడిపోయిన రోజు అది. బాబాయ్, మొదలుపెడదామా?

మూర్తి: పెడదాం. చెప్పు.





సుధ: 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మీసా అనే అంతర్గత భద్రతా చట్టం కింద విచారణ లేకుండా వేలమందిని జైళ్లలో పెట్టారు. వాళ్ల తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు పడ్డాయి. మనిషిని కోర్టు ముందుకు తెండి, ఏ అధికారంతో పట్టుకున్నారో చెప్పండి అని అడగడం అంతే. అత్యవసర పరిస్థితిలో ఆ ప్రశ్న అడిగే హక్కే ఎవరికీ లేదని ప్రభుత్వం వాదించింది. తొమ్మిది హైకోర్టులు ఆ వాదన ఒప్పుకోలేదు. అప్పుడు ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

మూర్తి: ఆ నిర్బంధ ఉత్తర్వులో కారణం రాసేవారా? తేదీ వేసేవారా?

సుధ: అప్పుడే తేదీ దగ్గరికి వచ్చేశారా!

మూర్తి: రాక తప్పదమ్మా. తేదీ లేని కాగితం కాగితం కాదు. ఈ మాట నేను మొదటి ఎపిసోడ్ నుంచీ చెబుతున్నాను.

సుధ: చెబుతున్నారు. ఉత్తర్వు అయితే ఉండేది. కారణాలు మాత్రం నిర్బంధించిన మనిషికి చెప్పనక్కరలేదని చట్టాన్నే సవరించారు. కోర్టు అడిగినా చూపించనక్కరలేదు, అది ప్రభుత్వ రహస్యం అన్నారు.

మూర్తి: కారణం చెప్పని ప్రభుత్వానికి, దారి కాసి కొట్టేవాడికి తేడా ఏముంది?

సుధ: ఆ తేడా గురించే ఒక సంగతి చెప్పాలి. జబల్పూరుకు మళ్లీ వస్తాను. ఇది మన ఇంటి సంగతి, బాబాయ్. పెద్దమ్మ టిఫిన్ కొట్టు.

మూర్తి: రోడ్డు విస్తరణలో పోయింది కదా. తెలుసు.

సుధ: పోయిందని తెలుసు. ఎలా పోయిందో మీకు తెలియదు. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. మూడేళ్ల క్రితం ఒక గురువారం సాయంత్రం ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. కొట్టు గోడ మీద, లోపలికి పదడుగుల దగ్గర, ఎర్ర రంగుతో ఒక గీత గీసి పక్కన బాణం గుర్తు వేశారు. పెద్దమ్మ అప్పుడు మర్నాటికి పిండి రుబ్బుతోంది. ఇదేమిటి నాయనా అని అడిగితే, విస్తరణ అన్నారు. కాగితం ఏమైనా ఇస్తారా అంటే, వస్తుంది అన్నారు. ఆదివారం తెల్లవారుజామున ఆరింటికి పొక్లెయిన్ వచ్చింది.

మూర్తి: ఆదివారమా?

సుధ: ఆదివారమే. కోర్టు ఉండదు, ఆఫీసు ఉండదు, నేను ఫోను చేస్తే ఎత్తే అధికారి ఉండడు. పెనం, గ్రైండరు, రెండు బల్లలు బయటికి తీసుకోవడానికి పావుగంట ఇచ్చారు. తర్వాత బుధవారం పెద్దమ్మకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. తెరిచి చూస్తే నోటీసు.

మూర్తి: కూల్చాక?

సుధ: కూల్చాక. నోటీసు మీద వేసిన తేదీ సరిగ్గా నెల రోజుల కిందటిది. కవరు మీద పోస్టాఫీసు చీటీ చూస్తే, కూల్చిన మర్నాడు, సోమవారం మధ్యాహ్నం పోస్టు చేసినట్టు ఉంది.

(నిశ్శబ్దం)

మూర్తి: వదిన నాకు ఈ మాట చెప్పలేదు.

సుధ: మూర్తికి చెబితే రాత్రి నిద్రపోడు అంది.

మూర్తి: నిజమే, పోను. పాత తేదీ వేశారా? నేను కోర్టు నకళ్ల విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మా దగ్గర నుంచి వెళ్లే ప్రతి నకలు వెనక ఐదు తేదీలు ఉండేవి. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు తెమ్మని పిలిచిన తేదీ, స్టాంపులు దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, నకలు ఇచ్చిన తేదీ. ఎందుకో తెలుసా?

సుధ: తెలుసు. వినేవాళ్ల కోసం మీరే చెప్పండి.

మూర్తి: జిల్లా కోర్టులో అప్పీలుకు ముప్పై రోజుల గడువు. తీర్పు నకలు తయారు చేయడానికి ఆఫీసు ఇరవై రోజులు తీసుకుంటే, ఆ ఇరవై రోజులు గడువులో లెక్కించరు. అంటే ఆఫీసు తన ఆలస్యాన్ని తన చేత్తోనే, తన ముద్ర కిందే రాసి కక్షిదారుడి చేతిలో పెట్టాలి. జడ్జిగారు గొప్పవారైనా, గుమస్తా సోమరి అయినా ఆ ఐదు తేదీలు ఉండి తీరాలి. నాకు తెలిసిన సమన్యాయ పాలన అదే. నేను పెద్ద పుస్తకాలు చదవలేదు.

సుధ: ఇప్పుడు మీకు నచ్చే మాట చెబుతాను. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్ బుల్డోజర్ల మీద తీర్పు ఇచ్చారు కదా. కూల్చే ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, కట్టడం మీద అంటించాలి, పదిహేను రోజుల గడువు ఇవ్వాలి. యజమాని చెప్పేది వినాలి. చివరికి కూల్చాలని ఉత్తర్వు ఇచ్చినా మరో పదిహేను రోజులు ఆగాలి. కూల్చేటప్పుడు వీడియో తీయాలి. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. చదువుతున్న నన్ను ఆపేసింది ఒక చిన్న వాక్యం. నోటీసు అందించిన వెంటనే కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్ పంపాలి, అందినట్టు దానంతట అదే జవాబు రావాలి. ఎందుకంటే, వెనకటి తేదీ వేశారన్న ఆరోపణకు చోటు ఉండకూడదని.

మూర్తి: సుప్రీంకోర్టే అలా రాసిందా?

సుధ: రాసింది. ఆ వాక్యం చదివినప్పుడు పెద్దమ్మ కవరు గుర్తొచ్చి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దేశంలో ఇంకా ఎన్ని ఇళ్లలో అలాంటి కవర్లు ఉన్నాయో!

మూర్తి: బాగుంది. చాలా బాగుంది. కానీ సుధా, నాకు ఒక అభ్యంతరం ఉంది.

సుధ: చెప్పండి.

మూర్తి: వదిన కొట్టు వేరు. మన ఊరి చెరువు సంగతి ఏమిటి? శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, ఫంక్షన్ హాలు కట్టినవాడికి కూడా పదిహేను రోజులేనా? పదిహేను రోజులంటే అతనికి స్టే తెచ్చుకోవడానికి చాలినంత సమయం. ఆ స్టే నకలు నా చేతుల మీదుగానే మూడుసార్లు వెళ్లింది. వాయిదా, మళ్లీ వాయిదా. ఈలోగా అలుగు దగ్గర మట్టి పోశారు, తూము మూసుకుపోయింది, ఆయకట్టు కింద మడి ఎండిపోయింది. మా నాన్న చివరి రోజుల్లో ఆ గట్టు మీద కూర్చుని నీళ్లు లేని చెరువును చూస్తూ ఉండేవాడు. అది నా కళ్ల ముందు జరిగింది. చట్టం అతని కోసం ఆగింది. మా నాన్న కోసం ఆగలేదు.

సుధ: ఆ తీర్పులోనే మినహాయింపు ఉంది బాబాయ్. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నది, జలాశయం, ఇలాంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేని కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవు.

మూర్తి: మరి ఇంకేం? కూల్చేయమను.

సుధ: అది చెరువు అని తేల్చేది ఎవరు?

మూర్తి: ఊళ్లో అందరికీ తెలుసు అది చెరువని.

సుధ: మనకు తెలుసు. పట్టణంలో అలా కాదు. పూర్తిస్థాయి నీటి మట్టం గీత ఒక పటంలో ఒకలా, మరో పటంలో మరోలా ఉంటుంది. అదే స్థలానికి రిజిస్ట్రేషన్ చేసింది ప్రభుత్వమే, ఇంటి పన్ను కట్టించుకుంది ప్రభుత్వమే, కరెంటు మీటరు ఇచ్చిందీ ప్రభుత్వమే. అప్పు చేసి కొనుక్కున్నవాళ్లు ఉంటారు. ఒక పొద్దున వచ్చి ఇది చెరువు అంటే సరిపోతుందా? పటం చూపించాలి కదా? 2024లోనే హైదరాబాదు దగ్గర అమీన్‌పూర్ కూల్చివేత విషయంలో తెలంగాణ హైకోర్టు గట్టిగా అడిగింది, ఆదివారం కూల్చడం ఏమిటని.

మూర్తి: నువ్వు ఎప్పుడూ నోటీసు అందినవాడి వైపు నుంచే చూస్తావు. నోటీసు అందనివాళ్లు ఉంటారు. నీళ్లు అందనివాళ్లు. వాళ్లకు ఏ కోర్టూ నోటీసు పంపదు. మీ చెరువు మీద ఫలానా రోజున విచారణ ఉంది, రండి అని మా నాన్నకు ఒక్కసారైనా ఎవరైనా కాగితం పంపారా?

సుధ: (కాసేపు ఆగి) లేదు. అది తప్పే. నేను కాదనను.

మూర్తి: అందుకే నాకు కోపం.

సుధ: ఆ కోపం న్యాయమైనదే. కానీ అది ఆ కేసును ఇరవై ఏళ్లు వాయిదాల్లో పడేసినవాళ్ల మీద ఉండాలి. పదిహేను రోజుల మీద కాదు. ఇరవై ఏళ్లు ఆలస్యమైందని పదిహేను రోజులు తీసేస్తే, మొదట దెబ్బ తినేది ఫంక్షన్ హాలు కట్టినవాడా? వాడికి ఆదివారం కూడా ఫోను ఎత్తే అధికారి ఉంటాడు. పోయేది పెద్దమ్మ కొట్టే.

మూర్తి: ఊఁ.

సుధ: హక్కు లేనివాడికి నోటీసు ఎందుకు అన్న వాదన కొత్తది కాదు. బొంబాయిలో ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసులో, ఓల్గా టెల్లిస్ కేసులో, కార్పొరేషన్ అదే అంది. వాళ్లకు అక్కడ ఉండే హక్కే లేదు, వినేదేముంది అని. 1985లో ఐదుగురు న్యాయమూర్తులు ఆ మాట ఒప్పుకోలేదు. ఫుట్‌పాత్ అందరిదీ, ఖాళీ చేయించవచ్చు అన్నారు. కానీ చెప్పేది విన్న తర్వాతే నిర్ణయించాలి అన్నారు. విన్నంత మాత్రాన వదిలేయమని కాదు. ఆ తీర్పు రాసింది ఎవరో తెలుసా? వై.వి. చంద్రచూడ్.

మూర్తి: జబల్పూరు కేసులో కూర్చున్నాయనేనా?

సుధ: ఆయనే. 1976లో ప్రభుత్వం వైపు తీర్పు ఇచ్చిన నలుగురిలో ఒకరు. తొమ్మిదేళ్ల తర్వాత ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి మాట వినాలని రాశారు.

మూర్తి: ఆయన మనసులో ఆ తొమ్మిదేళ్లు ఏం జరిగిందో!

సుధ: రికార్డింగ్ చూసుకునే శీను గడియారం చూపిస్తున్నాడు. జబల్పూరు త్వరగా ముగించాలి. ఐదుగురు న్యాయమూర్తులు. ప్రధాన న్యాయమూర్తి ఏ.ఎన్. రే, బేగ్, చంద్రచూడ్, భగవతి ప్రభుత్వం వైపు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరూ మరోవైపు. వాదనల్లో ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేని అడిగారు. ఒక పోలీసు కక్షతో ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా కోర్టుకు వెళ్లే దారి లేదా అని. అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం లేదు అని జవాబు వచ్చింది.

మూర్తి: ఆ జవాబు విన్న తర్వాత కూడా నలుగురు అటువైపే ఉన్నారు.

సుధ: ఉన్నారు. 1977 జనవరిలో సీనియర్ అయిన ఖన్నాను పక్కనపెట్టి బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. తర్వాత 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అత్యవసర పరిస్థితిలో కూడా శిక్షల విషయంలో, ప్రాణం, స్వేచ్ఛ విషయంలో 20, 21 అధికరణాలు ఇచ్చే రక్షణ తీసేయడానికి వీల్లేదు. 2017 ఆగస్టు 24న గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో జబల్పూరు తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ మాట రాసింది చంద్రచూడ్ గారి కొడుకు.

మూర్తి: నలభై ఒక్క ఏళ్లు.

సుధ: అవును. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా చేతికివ్వాలని 2023లో పంకజ్ బన్సల్ కేసులో ఈడీకి, అంటే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్‌కు, సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ దారిలోదే. రాసి ఇవ్వకుండా చదివి వినిపిస్తే చాలదు.

మూర్తి: సుధా, ఒక మాట చెప్పనా? ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

సుధ: చెప్పండి బాబాయ్.

మూర్తి: నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. అత్యవసర పరిస్థితి రోజులు. ఒక పొద్దున ఒకామె నకళ్ల కిటికీ దగ్గరికి వచ్చింది. చంకలో పిల్ల. భర్తను మీసా కింద తీసుకుపోయారు. ఎందుకు తీసుకుపోయారో ఆ కాగితం నకలు కావాలి అంది. పావలాలు, అర్ధరూపాయలు కొంగున కట్టుకుని తెచ్చింది, స్టాంపులకని. అది కలెక్టరు ఇచ్చే ఉత్తర్వు, మా కోర్టులో అలాంటి కాగితమే ఉండదు. ఇక్కడ లేదమ్మా అన్నాను. మరి ఎక్కడ ఉంటుంది బాబూ అంది. నాకు తెలియదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. దరఖాస్తు అయినా తీసుకుని తేదీ వేసి, లేదు అని రాసి ఇచ్చి ఉండాల్సింది. అది కూడా చేయలేదు. ఉత్త చేతులతో పంపించాను.

సుధ: మీ చేతిలో ఏముంది అప్పుడు?

మూర్తి: తేదీ ముద్ర ఉంది. బల్ల మీదే ఉంది. ఫలానా రోజున ఈ మనిషి వచ్చి అడిగింది అని ఒక ఆధారమైనా మిగిలేది.

(నిశ్శబ్దం)

సుధ: ఆమె మళ్లీ వచ్చిందా?

మూర్తి: రాలేదు. వదిన కవరు, అది ఇంకా ఉందా?

సుధ: ఉంది. నా ఫైల్లో ఉంది.

మూర్తి: రేపు తీసుకురా. చించిన అంచు పారేయలేదు కదా? వెనకవైపు బట్వాడా ముద్ర కూడా ఉంటుంది, చూడాలి. వదినను కూడా రమ్మను, నేను కోప్పడనని చెప్పు.

సుధ: చెబుతాను. శీను చేయి ఎత్తాడు.

మూర్తి: ఒక్క నిమిషం ఆగమను. నోటీసు మీద సంతకం కింద హోదా రాశారా, లేక ఉత్త గీతేనా?

సుధ: గీతే అనుకుంటాను.

మూర్తి: అయితే రేపు కాదు, ఈ సాయంత్రమే తీసుకురా.