మెరిసేదంతా మోస్తుందా? స్టెయిన్‌లెస్ షాకిల్, ఐ బోల్ట్, స్ప్రింగ్ హుక్ రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాను. రెండు ఐ బోల్టులు, అంటే తల చోట రింగు ఉన్న బోల్టులు. ఒక షాకిల్, అంటే అడ్డంగా పిన్ను బిగించే యు ఆకారపు కొక్కెం. ఒక స్ప్రింగ్ హుక్, అంటే స్ప్రింగ్ నాలుకతో మూసుకునే కొక్కెం. నాలుగూ స్టెయిన్‌లెస్ స్టీలే, నాలుగూ తళతళలాడుతున్నాయి. కానీ మనిషి కూర్చునే కుర్చీ ఉయ్యాల వేలాడదీయమంటే వీటిలో రెండింటినే తీసుకుంటాను.

ముందు ఈ పాత ఐ బోల్ట్ చూడండి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. రింగు కాడను కలిసే చోట గోధుమరంగు మరక కనిపిస్తోందా? ఇది మా ఇంటి ఉయ్యాలదే, మూడేళ్లు ఆరుబయట ఉంది. టీ ఒలికిన మరకలా ఉంది కదా, తుడిస్తే పోతోంది కూడా. ఇప్పుడు తుడిచిన చోట చూడండి. సూదితో పొడిచినట్టు చిన్న గుంట ఉంది. మరక చూసినప్పుడు నాకేం అనిపించలేదు కానీ ఈ గుంట చూశాక టెన్షన్ పట్టుకుంది. ఇలాంటి గుంట పైకి చిన్నగానే ఉండి, లోపలికి తొలుచుకుంటూ పోతుంది. పిల్లలు ఊగే చోటు కాబట్టి ఆ రోజే విప్పేశాను.

స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదంటారు కదా, మరి ఇదేంటి? ఈ ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పల్చటి పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తనే అల్లుకుంటుంది. దాన్ని చెడగొట్టేది క్లోరైడ్. అంటే సముద్రపు గాలి, ఈత కొలను నీళ్లు, బ్లీచింగ్ లాంటివి. మామూలు 304 గ్రేడ్‌లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 316లో వీటికి తోడు రెండు మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు. క్లోరైడ్‌ను తట్టుకునేది దానివల్లే. బోల్టు తల మీద ఏ2 అని ఉంటే 304 రకం, ఏ4 అని ఉంటే 316 రకం. ఇంటి లోపల 304 చాలు. సముద్రం దగ్గరైతే నేను 316 తప్ప వేరేది కొనను. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరు అంటారు, నమ్మకండి. ఈ రెండు గ్రేడ్‌ల మధ్య తేడా దానికి తెలియదు.

316కి కూడా ఒక హద్దు ఉంది. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో ఒక ఈత కొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. ఆ కాంక్రీటు కప్పును మోసింది స్టెయిన్‌లెస్ కడ్డీలే. ఒకపక్క బరువు లాగుతోంది, ఇంకోపక్క క్లోరైడ్ తింటోంది. రెండూ కలిస్తే ఉక్కు సాగకుండా, పెద్దగా తుప్పు కనిపించకుండానే పగిలిపోతుంది. అందుకే నాలుగు గోడల మధ్య ఉన్న కొలను పైన ఏదైనా వేలాడదీయాలంటే 304, 316 రెండూ వద్దు. అక్కడ ఏ గ్రేడ్ వాడాలో ఇంజనీరే ఎంచాలి.

ఇక బరువు సంగతి. ఈ షాకిల్ మీద పోత అక్షరాలు చూడండి, డబ్ల్యూఎల్ఎల్ 0.5 టన్ అని ఉంది. రోజూ వాడకంలో దీని మీద పడనివ్వదగ్గ గరిష్ఠ బరువు అది. స్ప్రింగ్ హుక్ మీద మాత్రం ఏ గుర్తూ లేదు. ప్యాకెట్ మీద "600 కిలోలు" అని ఉంది, పక్కనే చిన్న అక్షరాల్లో బ్రేకింగ్ లోడ్ అని ఉంది. అంటే అది తెగిపోయే బరువు! భద్రత కోసం దాన్ని అయిదుతో భాగిస్తే, రోజూ మోయించదగ్గది 120 కిలోలు. మనిషి ప్రాణం దాని మీద ఉంటే పదితో భాగిస్తాను, అప్పుడు మిగిలేది 60. ఆరు వందలు చూసి కొన్నవాళ్ల చేతిలో ఉన్నది అరవై.

దీనికి ఊపు కూడా కలపండి. 70 కిలోల మనిషి నిట్టనిలువు గీత నుంచి 60 డిగ్రీల దాకా ఊగితే, బాగా కిందికి వచ్చిన క్షణంలో హుక్ మీద పడేది 140 కిలోల లాగు, సరిగ్గా రెట్టింపు. ఇందులో కుర్చీ బరువు కలపలేదు. పైగా ఈ హుక్ నాలుక సరిగ్గా మూసుకోకపోతే మోసే బలం ఇంకా పడిపోతుంది.

ఇప్పుడు రెండు ఐ బోల్టులూ పక్కపక్కన పెడుతున్నాను. పాతదాని రింగు చివర సన్నటి సందు ఉంది, కడ్డీని వంచి చేశారు. బరువు ఎక్కువైతే రింగు విచ్చుకుంటుంది. కొత్తది ఒకే ముక్కగా ఫోర్జింగ్ చేసింది, అంటే లోహాన్ని గట్టిగా ఒత్తి మలిచింది. రింగు కింద గట్టి భుజం, అంటే కాడ చుట్టూ వెడల్పాటి అంచు ఉంది, 316 అనీ బరువు పరిమితీ రెండూ ముద్రించి ఉన్నాయి. ఆ పరిమితి కూడా నిలువుగా లాగినప్పటిదే. 45 డిగ్రీలు పక్కకు లాగితే సాధారణంగా మూడో వంతుకో అంతకంటే తక్కువకో పడిపోతుంది. భుజం లేని దాన్ని పక్కకు లాగనే కూడదు. అందుకే ఇది కదలకుండా కూర్చునే కుర్చీకి సరే. ఎత్తుగా ఊగే ఉయ్యాలకు బేరింగ్ ఉన్న స్వింగ్ హ్యాంగర్ కొనుక్కోండి.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. స్టెయిన్‌లెస్ నట్టును డ్రిల్లుతో జోరుగా తిప్పితే మరలు ఒకదాన్నొకటి కరుచుకుని పట్టేస్తాయి. ముందుకూ పోదు, వెనక్కీ రాదు, కోయాల్సిందే. మరలకు యాంటీ సీజ్ పేస్ట్ రాసి స్పానర్‌తో నెమ్మదిగా తిప్పండి. ఇనుప బ్రష్‌తో రుద్దకండి, దాని పొడి అంటుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది.

షాకిల్‌కు, కొత్త ఐ బోల్ట్‌కు నా ఓటు. స్ప్రింగ్ హుక్‌ను పూలకుండీకి వాడుకోవచ్చు, కుండీ కింద ఎవరూ కూర్చోని చోట. పాత ఐ బోల్ట్‌ను మాత్రం, ఇంకెవరూ తీసి బిగించకుండా, రింగు కోసి పాత ఇనుములో వేస్తున్నాను.