ఉలూ కత్తి రివ్యూ: మన వంటింట్లో పనికొస్తుందా?

నమస్తే అండీ. ఇవాళ మిక్సీ కాదు, ఎయిర్ ఫ్రయర్ కాదు. ఇదిగో, ఈ కత్తి. కింద అర్ధచంద్రంలా పదును, పైన నడిమధ్యలో పిడి. మా అబ్బాయి చూడగానే "పిజ్జా కట్టరా?" అన్నాడు.

దీని పేరు ఉలూ. మన ఉలికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు, పేర్లు అలా కలిశాయంతే. అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ మంచు తీరాల్లో ఉండే ఇన్యూట్ ఆడవాళ్ల కత్తి ఇది. చిన్నప్పుడు మనం పాఠాల్లో ఎస్కిమోలు అని చదువుకున్నాం కదా, కెనడాలో ఆ మాట ఇప్పుడు అనరు. ఇన్యూట్ అనాలి.

ఇది కూరగాయల కోసం పుట్టింది కాదండీ. మగవాళ్లు సీల్ అనే సముద్ర జంతువును వేటాడి తెస్తే, తోలు ఒలవడం, దానికి అంటుకున్న కొవ్వు గీకడం, మాంసం కోయడం, బూట్లకీ కోట్లకీ తోలు కత్తిరించడం, అన్నీ ఆడవాళ్లు దీంతోనే చేసేవారు. పెద్ద పనికి పెద్ద ఉలూ, కుట్టుపనికి చిన్నది. పిల్లల జుట్టు కూడా దీంతోనే కత్తిరించేవారట! ఆ చలిలో బూటు కుట్టు సరిగ్గా లేకపోతే వేటకెళ్లినవాడి కాలివేళ్లు దక్కవు. అంటే ఆయన వేట ఈవిడ కత్తి మీద ఆధారపడిందన్నమాట. "ఆడవాళ్లు ఇంటిపని చేసేవారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

ఒకప్పుడు పలకరాయితో చేసేవారు. ఇనుము వచ్చాక పాత రంపం బ్లేడు కోసి, దుప్పి కొమ్ముతో పిడి వేసుకున్నారు. తల్లి ఉలూ కూతురికి వస్తుంది. ఇప్పటికీ చాలా ఇళ్లలో నేల మీద అట్టముక్క పరిచి, గడ్డకట్టిన పచ్చి చేపను చుట్టూ కూర్చుని దీంతో కోసుకుని తింటారు. ఆర్కిటిక్ వింటర్ గేమ్స్ అని ఆ మంచు ప్రాంతాల వాళ్ల ఆటల పోటీల్లో పతకాలు కూడా ఉలూ ఆకారంలోనే ఇస్తారు.

సరే, మన పరీక్ష. కొత్తిమీర, వెల్లుల్లి: పిడి పట్టుకుని ఊయలలా ఊపితే చాలు, ముక్కలైపోతాయి. బలమంతా పదునుకి సూటిగా పైనుంచి పడుతుంది, మణికట్టు నొప్పి లేదు. చేప ముక్కలకి సూపర్. సొరకాయకి మాత్రం దండగ, బ్లేడు చాలదు. మన కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కాయ కదులుతుంది. ఇక్కడ తిరగబడింది. పీట మీద చేయి తిరిగిన మా అమ్మకి ఇచ్చాను. రెండు వంకాయలు కోసి, "నువ్వే వాడుకో" అంది.

కొనేవాళ్లకి ఒక మాట. నా మొదటిది ఒక టూరిస్టు షాపులో తీసుకున్నాను. చేత్తో చేసిందన్నారు, తీరా చూస్తే ఫ్యాక్టరీ సరుకు. అలాస్కాలో కొంటే సిల్వర్ హ్యాండ్ ముద్ర అడగండి, అక్కడి మూలవాసి కళాకారులు చేసినవాటికే అది ఉంటుంది. వాల్రస్ (పెద్ద కోరలుండే సముద్ర జంతువు) దంతం పిడి ఉన్నది మాత్రం వద్దు, దేశం దాటించడానికి అనుమతుల తలనొప్పి. విమానంలో చెకిన్ బ్యాగులోనే పెట్టండి, చేతిసంచిలో పెట్టారో అక్కడే వదిలేసి రావాలి.

నా మార్కులు పదికి ఎనిమిది. కట్ చేసిన ఆ రెండు మార్కులూ సొరకాయవి.