కొండ కూలిన చోట ఊరు: రోక్‌ఫోర్ కథ

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను చెప్పబోయే ఊళ్ళో వెయ్యి మంది కూడా ఉండరు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆవేరాన్ జిల్లాలో ఒక కొండ చరియను అంటిపెట్టుకుని ఉంటుంది. పేరు రోక్‌ఫోర్-సుర్-సుల్జోన్. సుల్జోన్ అంటే దాని కింద లోయలో పారే వాగు. పెద్ద దుకాణాల్లో నీలి చారల చీజ్ మీద ఈ పేరులో మొదటి ముక్కను మీలో కొందరు చూసే ఉంటారు. ఆ చీజ్ ఈ ఊరిదే. మరెవ్వరూ ఆ పేరు పెట్టుకోకూడదని చట్టం కూడా ఉంది. ఆ చట్టం అర్థం కావాలంటే ముందు కొండ సంగతి తెలియాలి.

కొండ పేరు కోంబాలు, ఎత్తు సుమారు 790 మీటర్లు. పైన మందమైన సున్నపురాయి, దాని అడుగున బంకమన్ను. వాన నీరు రాతి పగుళ్ళలోంచి దిగి బంకమన్ను దగ్గర ఆగిపోతుంది. నానిన మన్ను జారితే పైనున్న రాయికి ఆధారం పోతుంది. చరిత్రకు అందని కాలంలో అలాగే కొండ ఉత్తరపు అంచు విరిగి జారింది. దాదాపు 2 కిలోమీటర్ల పొడవున, 300 మీటర్ల వెడల్పున బండలు గుట్టలుగా పడ్డాయి. ఊరు ఆ బండల మీదే ఉంది. మామూలుగా అయితే ఎవరూ ఇల్లు కట్టుకోని చోటు. ఉత్తర ముఖం కనుక చలికాలంలో ఎండ పొడ తక్కువ, దున్నుకుందామంటే నేల లేదు.

అయితే కూలిన బండల మధ్య సందులు మిగిలాయి. కొండ లోపలి గాలిని గుహల్లోకి తెచ్చే ఆ పగుళ్ళను అక్కడివారు ఫ్లోరీన్‌లు అంటారు. తడి రాళ్ళను ఒరుసుకుంటూ వచ్చే గాలి చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఏ కాలమైనా గుహల్లో 8 నుంచి 12 డిగ్రీలే, తేమ 95 శాతం దాకా. మనుషుల కీళ్ళకు శత్రువు, బూజుకు పుట్టిల్లు. పూర్వం రై అనే ధాన్యపు రొట్టెలను గుహల్లో ఉంచి, బూజు పట్టాక పొడిచేసి, గొర్రె పాల విరుగుడులో కలిపేవారు. చీజ్ ముద్దకు సూదులతో పొడిచి రంధ్రాలు చేస్తే, గాలి అందిన చోటల్లా బూజు నీలి చారలుగా అల్లుకుంటుంది. శాస్త్రజ్ఞులు ఆ బూజుకు పెట్టిన పెనిసిలియం రోక్‌ఫోర్తి అన్న పేరులోనూ ఊరే ఉంది.

ఒక కాపరి గుహలో రొట్టె, చీజ్ మరచిపోయి ప్రియురాలి వెంట వెళ్ళాడన్న కథ మీరు అక్కడికి వెళితే ఎలాగూ వినిపిస్తారు. రోమన్ రచయిత ప్లినీ దీన్ని పొగిడాడనీ చెబుతారు. ఆయన ఆ ప్రాంతపు కొండల చీజ్‌ను మెచ్చుకున్న మాట నిజమే, కానీ రోక్‌ఫోర్ పేరు ఎత్తలేదు. నాకు పురాణం కన్నా పత్రాల మీదే గురి. 1411లో ఆరవ చార్లెస్ రాజు ఇక్కడి గుహల్లో చీజ్ మాగబెట్టే హక్కును ఊరివారికే ఇచ్చాడు. 1666లో తులూజ్ న్యాయస్థానం నకిలీలు అమ్మేవారికి శిక్ష విధించింది. 1925లో వచ్చిన చట్టంతో, పుట్టిన చోటి పేరుకు రక్షణ పొందిన తొలి ఫ్రెంచి చీజ్ ఇదే అయింది. 1961లో మియో పట్టణ న్యాయస్థానం ఇంకా తేల్చి చెప్పింది: ఈ పద్ధతిలో చీజ్ చాలా చోట్ల చేయవచ్చు, కానీ కోంబాలు గుహల్లో మాగినదే రోక్‌ఫోర్. ఎప్పుడో మట్టి జారిన చోటు అలా చట్టానికి సరిహద్దు అయింది. మన పోచంపల్లి ఇక్కత్‌కూ, బంగినపల్లి మామిడికీ భౌగోళిక గుర్తింపు ఇచ్చిన 1999 నాటి భారతీయ చట్టంలో ఉన్నదీ ఈ ఆలోచనే.

గుహలు ఊళ్ళో ఉన్నా గొర్రెలు ఊళ్ళో లేవు. లకోన్ జాతి గొర్రెలు మేసేది చుట్టుపక్కల రాతి పీఠభూముల మీద. వాటిలో ఒకటైన లార్జాక్ మీద సైనిక శిబిరాన్ని 3,000 నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామని ప్రభుత్వం 1971లో ప్రకటించింది. మరుసటి ఏడాది 103 మంది రైతులు భూమి వదలబోమని ప్రమాణం చేశారు. అప్పుడు వారి మధ్య ఉపవాసానికి కూర్చున్నది లాంజా దెల్ వాస్తో. వార్ధాలో గాంధీజీ దగ్గర ఉండి, ఆయన చేత శాంతిదాస్ అని పిలిపించుకున్న ఇటలీ దేశస్థుడు. రైతులు గొర్రెలను పారిస్‌కు తీసుకెళ్ళి ఐఫిల్ టవర్ కింద మేపారు. చివరికి 1981లో అధ్యక్షుడు మితెరాఁ ఆ పథకాన్ని రద్దుచేశాడు. సత్యాగ్రహం ఫ్రెంచి పల్లెలో ఇంత సూటిగా ఫలించిన సందర్భం నాకు మరొకటి తోచదు.

మరో గొడవ సముద్రం అవతల మొదలైంది. హార్మోన్లు ఎక్కించిన అమెరికా పశుమాంసాన్ని యూరప్ రానివ్వనందుకు, 1999లో అమెరికా రోక్‌ఫోర్ మీద 100 శాతం సుంకం వేసింది. మాంసం తగవుకు గొర్రెల కాపరి మూల్యం చెల్లించాలన్నమాట! ఆ ఆగస్టులో జోజే బోవే నాయకత్వంలో రైతులు మియోలో కడుతున్న మెక్‌డొనాల్డ్స్ భవనాన్ని పట్టపగలు విప్పి పారేశారు. బోవేకు జైలుశిక్ష పడింది. సుంకాన్ని 300 శాతానికి పెంచుతామని 2009 జనవరిలో అమెరికా ప్రకటించింది కానీ, ఒప్పందం కుదరడంతో అది అమలు కాలేదు.

ఇక రుచి ఎలా ఉంటుందని అడుగుతారని తెలుసు. ఉప్పెక్కువ, ఘాటు ఎక్కువ. మొదటిసారి నోట్లో పెట్టుకునేవారు కొంచెమే తీసుకోవడం మంచిది. మిగతా ప్రశ్నలు అడగండి.