కొత్త కంప్యూటర్‌ని తిట్టే ముందు కేబుల్ వంక చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ముందు మాట్లాడినవారు చదివేశారు, నేను మళ్లీ చదవను. కొత్త కంప్యూటర్‌కి వైరు పెట్టినా ఇంటర్నెట్ ఈడుస్తూ ఉంటే ఏం చేయాలో కేబుల్, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ అని మూడు భాగాలుగా చెప్పమన్నారు. ప్రయత్నిస్తాను. కానీ మొదటి భాగం దగ్గరే నాకు చాలాకాలంగా ఒక కోపం ఉంది. ముందు అది చెప్పుకోనివ్వండి.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఏమంటారు? "మా వైపు అంతా ఓకే అండీ, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి." చేస్తాం. మళ్లీ అదే కథ. కంప్యూటర్ అమ్మినవాళ్లని అడిగితే, "టెస్ట్ చేసే ఇచ్చామండీ." ఈ ఇద్దరి మధ్య ఇరుక్కున్న మనిషి చివరికి చేసేది ఫార్మాట్! ఇంకా స్టిక్కర్లు కూడా ఊడని కంప్యూటర్‌ని ఫార్మాట్ చేస్తారు. మీలో ఎంతమంది చేశారు? చేతులెత్తండి, సిగ్గుపడకండి. చూశారా, వెనక వరుసలోనే ఎక్కువ.

నాకు తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు. ఆయనది 300 ఎంబీపీఎస్ ప్లాను. ఫోన్లో వైఫై మీద 280 వస్తోంది. కొత్త కంప్యూటర్‌కి వైరు పెడితే 94. అదీ నిలకడగా కాదు, మధ్యమధ్యలో కనెక్షన్ పోయి వస్తోంది. షాపుకి తీసుకెళ్తే అక్కడ శుభ్రంగా పనిచేసింది. ఇంటికి తెస్తే మళ్లీ 94. నేను వెళ్లి కేబుల్ మార్చి చూద్దామన్నాను. "బాబూ, ఇదే వైరు పాత కంప్యూటర్‌కి ఇన్నేళ్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. లోపం కొత్తదాంట్లోనే ఉంది" అన్నారు. ఆ వాదనకి ఎవరైనా తల ఊపుతారు. అయినా అది తప్పు. ఎందుకు తప్పో తెలిస్తే ఈ ప్రసంగంలో మిగతాది మీరు వినకపోయినా నాకు బాధ లేదు.

నెట్‌వర్క్ కేబుల్ లోపల 8 తీగలుంటాయి, రెండేసి మెలివేసి 4 జతలు. 100 ఎంబీపీఎస్‌కి అందులో 2 జతలే చాలు: ప్లగ్గులో 1, 2, 3, 6 పిన్నులు. మిగతా నాలుగు తీగలు ఊరికే పడి ఉంటాయి. గిగాబిట్‌కి, అంటే 1000కి, నాలుగు జతలూ కావాలి. మాస్టారి పాత కంప్యూటర్‌లో ఉన్నది 100 దాటని నెట్‌వర్క్ కార్డు, అంటే వైరు గుచ్చే భాగం. గోధుమరంగు జతలో ఒక తీగ ఎప్పుడు తెగిందో గాని, దానికి ఆ జతతో పనే లేదు. కొత్తదాంట్లో గిగాబిట్ కార్డు. రౌటర్, కార్డు ముందుగా ఏ వేగంలో మాట్లాడుకోవాలో బేరం కుదుర్చుకుంటాయి. అలా కుదిరిన వేగాన్నే లింక్ స్పీడ్ అంటారు. చిక్కంతా ఇక్కడే: ఆ బేరం బాగున్న జతల మీదే జరుగుతుంది. కాబట్టి ఇద్దరూ "1000" అని ఒప్పేసుకుంటారు. తీరా పని మొదలుపెట్టాక నాలుగో జత పలకదు. కొన్ని కార్డులు కాసేపు చూసి 100కి దిగిపోతాయి. కొన్ని కలుస్తూ, తెగుతూ ఉంటాయి. మాస్టారి దగ్గర ఈ రెండూ జరుగుతున్నాయి.

అంటే కంపెనీ చెప్పింది నిజమే, షాపువాళ్లు చెప్పింది నిజమే, పాతది బాగా పనిచేసిందన్న మాస్టారి మాటా నిజమే. ఇన్ని నిజాల మధ్య ఆయన నెలరోజులకు పైగా ఇబ్బంది పడ్డారు! ఫోనెత్తినవాళ్లలో ఒక్కరైనా "లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందండీ" అని అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. నా కోపం అదీ.

ఎక్కడ చూడాలో రాసుకోండి. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్. అక్కడ లింక్ స్పీడ్ అని ఉంటుంది. లినక్స్ వాళ్లకి ఇది చూపించే ఈథ్‌టూల్ అనే కమాండ్ ఉంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులుంటే 1000 కనపడాలి. 100 కనపడితే కేబుల్ మార్చండి. మార్చినా 100 అయితే రౌటర్‌లో వేరే పోర్టుకి పెట్టి చూడండి. వైఫై వేగంగా ఉండి, వైరు పోర్టులు మాత్రం 100వే ఉన్న రౌటర్లు బోలెడు. అలాంటిదైతే కేబుల్ ఎంత మంచిదైనా లాభం లేదు. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94, 95 దగ్గరే గోడ కట్టినట్టు ఆగుతోందంటే అది 100 లింకే. గిగాబిట్ లింకులో ఆ గోడ 940 దగ్గర ఉంటుంది.

ఇంకో మాట. ఎవరో చెప్పారని కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి వేగాన్ని "100 ఫుల్ డూప్లెక్స్" అని బిగించకండి. ఫుల్ డూప్లెక్స్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి; హాఫ్ అంటే ఒకసారి ఒకటే. అవతలివైపు ఆటోలో, అంటే బేరమాడే పద్ధతిలో ఉంటే, దానికి మీ సంగతి తెలియక హాఫ్ డూప్లెక్స్‌కి దిగుతుంది. అప్పుడు మీరొకలా, అదొకలా. లింక్ 100 అని చూపిస్తూనే డౌన్‌లోడ్ పాకుతుంది. దాన్ని ఆటోలోనే వదిలేయండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. డ్రైవర్ల భాగం, అంటే కార్డుని విండోస్ చేత నడిపించే చిన్న ప్రోగ్రాముల సంగతి, అరనిమిషంలో. కొత్త మదర్‌బోర్డుల్లో చాలావాటికి 2.5 గిగాబిట్ పోర్టు వస్తోంది. విండోస్ తనంతట తాను వేసుకున్న డ్రైవర్‌తో సరిపెట్టుకోకుండా బోర్డు లేదా ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి తాజాది వేయండి. పోర్టు లేని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ అడాప్టర్ వాడేవాళ్లు దాన్ని యూఎస్‌బీ 2.0లో గుచ్చకండి. దాని హద్దు కాగితం మీదే 480 ఎంబీపీఎస్.

సాఫ్ట్‌వేర్ భాగం ఇంకా చిన్నది. గేమింగ్ బోర్డులతో వచ్చే "నెట్ వేగం పెంచే" ప్రోగ్రాములు తీసేయండి, నా మాట వినండి. వీపీఎన్ ఆపి ఒకసారి చూడండి. కొత్త కంప్యూటర్ మొదటి రోజుల్లో అప్‌డేట్లు, క్లౌడ్ ఫైళ్లు వెనకాల దించుకుంటూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కాలమ్ నొక్కితే ఎవరు లాగేస్తున్నారో తెలుస్తుంది. 100 ఎంబీపీఎస్ ప్లానులో ఫైలు సెకనుకి 12 మెగాబైట్లే దిగుతోందని కంగారుపడేవాళ్లకి: ప్లాను లెక్క మెగాబిట్లలో, ఫైలు లెక్క మెగాబైట్లలో; 8 బిట్లు ఒక బైటు. 8తో భాగించండి, లెక్క సరిపోతుంది.

ప్రశ్నలు బయట తీసుకుంటాను. ఒక్క షరతు. స్పీడ్ టెస్ట్ ఫొటోలు నాకు చూపించకండి. లింక్ స్పీడ్ ఫొటో తీసుకురండి, వీలైతే ఆ కేబుల్ కూడా.