సర్కారు మారిందా లేదా? ఆఫీసు బయట జిరాక్స్ షాపు చూడుర్రి

[కెమెరా రోడ్డు మీద, వెనక జిరాక్స్ షాపు, ఆటోల హారన్లు]

నమస్తే అందరికీ. ఇయ్యాల టాపిక్ ప్రభుత్వ ఆధునికీకరణ, అగో అప్పుడే పైకి జరపకుర్రి, పేరు పాఠం లెక్క ఉన్నది గని మ్యాటర్ మన జేబుదే. ఏదన్నా సర్కారు ఆఫీసు ఎంత మారిందో తెల్సుకోవాలంటే నేను లోపల ఎన్ని కంప్యూటర్లున్నయో చూడను, బయట జిరాక్స్ షాపు ఎంత బిజీగ ఉందో చూస్త. షాపు ముందు ఎంత గుంపు ఉంటే లోపల అంత పాత పద్ధతి నడుస్తున్నట్టు.

ఎందుకంటే నాకు ఒకసారి ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది, ఆఫీసు పేరెందుకు గని, అప్లికేషన్ మొత్తం ఆన్‌లైన్, ఇంట్లనే కూసోని నింపిన, ఖుషీ అయిన. రెండు రోజులకు ఫోన్ వచ్చింది, "అది ప్రింట్ తీస్కోని రండి, రెండు సెట్లు, ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, ఫొటో" అని. ఆధార్ ఇచ్చింది సర్కారే, రేషన్ కార్డు ఇచ్చింది సర్కారే, మరి ఆ రెండూ సర్కారుకు చూపించాల్సింది నేను. ఆన్‌లైన్ ఫారం ఎందుకు నింపిన మరి? అంటే పాత లైను ఎత్తేయలే, దాని ముందట ఇంకో లైను పెట్టిర్రు.

[స్క్రీన్ మీద: పాత కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ప్రాపర్టీ ట్యాక్స్ రశీదు]

అట్లని హైదరాబాద్‌ల ఏం మారలేదు అంటే అబద్ధమైతది. మా నాన్నను అడిగితే ఇప్పటికీ చెప్తడు, కరెంటు బిల్లుకు ఒక దిక్కు, నీళ్ల బిల్లుకు ఇంకో దిక్కు, ఫోన్ బిల్లుకు మరో దిక్కు, డ్యూటీకి సగం రోజు సెలవు పెట్టి తిరిగేటోళ్లు. 1999ల ట్విన్స్ అని జంట నగరాల్ల ఒక ప్రయోగం పెట్టిర్రు, 2001ల అదే ఈ-సేవ అయ్యింది, ఒక్క కౌంటర్‌ల అన్ని బిల్లులు. తర్వాత 2011 నవంబర్‌ల మీసేవ వచ్చింది. ఇక్కడ అసలు సంగతి కంప్యూటర్ కాదు, డిజిటల్ సంతకం. ఆఫీసర్ కూసున్న కాడ సంతకం పెడ్తే మన గల్లీ సెంటర్‌ల సర్టిఫికెట్ ప్రింట్ వస్తది, అది చెల్లుతది. సార్ సీట్ల ఉన్నడా, చాయ్‌కి పోయిండా అనే పరేషాన్ చాన మందికి అక్కడ తగ్గింది. ఆ సెంటర్లు నడిపేది గూడ ప్రైవేట్‌గ మన గల్లీ పోరలే, అట్ల వాళ్లకు బతుకుదెరువు గూడ అయ్యింది.

ఇప్పుడు ఎస్టోనియా అని ఒక చిన్న దేశం సంగతి చెప్త. జనం 13 లక్షల పైన, మన సిటీల ఒక మూలకు సరిపోతరు. అక్కడ 2001ల ఎక్స్-రోడ్ అని ఒక వ్యవస్థ తెచ్చిర్రు, ఒక శాఖ కంప్యూటర్ ఇంకో శాఖ కంప్యూటర్‌ని నేరుగ అడిగి వివరం తీస్కుంటది, మొత్తం తెచ్చి ఒక్క పెద్ద డబ్బాల పొయ్యరు, ఎవరి దగ్గరున్నది వాళ్ల దగ్గరనే ఉంటది. దాంతోపాటు ఒక నియమం, సర్కారు దగ్గర ఒకసారి ఉన్న వివరం మళ్ల జనాన్ని అడగొద్దు. అంతే. నాకైతే వాళ్ల టెక్నాలజీ కన్నా ఆ నియమమే గొప్పగ అనిపిస్తది, ఎందుకంటే టెక్నాలజీ మన మాదాపూర్‌ల గూడ దొరుకుతది, "మళ్ల అడగొద్దు" అని చెప్పెటోడే దొరకడు. మన దగ్గర 2023 డిసెంబర్ ఆఖర్ల సర్కారు పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు తీస్కున్నరు యాదికుందా? 1 కోటి 25 లక్షలకు పైన వచ్చినయ్, అన్నీ కాగితం మీదనే, తర్వాత మనుషులు కూసోని కంప్యూటర్ల ఎక్కించిర్రు. అప్పుడు జిరాక్స్ షాపులకు దసరా దీపావళి రెండూ ఒక్కసారే వచ్చినయ్.

[కట్: ఇడ్లీ బండి, పొద్దుగాల]

సరే, దీంతోని ఎకానమీకి ఏం సంబంధం? మా గల్లీ చివర ఇడ్లీ బండి అక్క ఉంటది. ఆమె బండి మీద క్యూఆర్ స్టిక్కర్ ఏ కంపెనీదైనా, నా ఫోన్‌ల ఏ యాప్ ఉన్నా పైసలు పోతయ్. ఇది ఊకె అట్ల కాలే. యూపీఐ నడిపేది ఎన్‌పీసీఐ అనే సంస్థ, దాన్ని పెట్టింది రిజర్వ్ బ్యాంకు, బ్యాంకుల సంఘం కల్సి, 2008ల. 2016ల యూపీఐ వచ్చింది, 2023 ఆగస్టుకు నెలకు 1,000 కోట్ల లావాదేవీలు దాటినయ్, 2025 ఆగస్టుకు 2,000 కోట్లు. పట్టాలు అందరివి, వాటి మీద రైళ్లు ఎవరివి వాళ్లు నడుపుకుంటున్నరు, ఫోన్‌పే, గూగుల్ పే, ఇంకెవరన్నా. పట్టాలు గూడ ఒక్క కంపెనీవే అయ్యుంటే అక్క బండి మీద నాలుగు స్టిక్కర్లు ఉండేవి, లేకపోతే అసలు ఒక్కటి గూడ ఉండకపోవు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణపోళ్ల దగ్గర ఛార్జీ గూడ తీస్కోవట్లే. దాని ఖర్చు బ్యాంకులు, కంపెనీలు ఎన్నేండ్లు మోస్తయ్ అనేది వేరే లొల్లి, అది ఇంకో వీడియోల.

ఆ అక్క ఇంతకుముందు గిరిగిరికి అప్పు తెచ్చుకునేది. తెల్సుగా, పదివేలు అంటరు, చేతికి తొమ్మిదివేలు ఇస్తరు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలె. 2020 జూన్‌ల కేంద్రం పీఎం స్వనిధి పెట్టింది, వీధి వ్యాపారులకు ముందు 10,000, అది కడ్తే 20,000, అది గూడ కడ్తే 50,000, తాకట్టు లేదు, టైమ్‌కి కట్టినోళ్లకు వడ్డీల 7 శాతం వాపస్, డిజిటల్‌గ తీస్కుంటే నెలకు కొంత క్యాష్‌బ్యాక్. 2025ల మొదటి రెండు మొత్తాలు పెంచిర్రు, 15,000, 25,000 చేసిర్రు. నాకు నచ్చింది పైసలు గూడ కాదు. ఇరవై ఏండ్లు రోడ్డు మీద బండి పెట్టిన మనిషి బ్యాంకు లెక్కల ఎక్కడ లేదు, మొదటిసారి "ఈమె తీస్కున్నది, కట్టింది" అని ఒక రికార్డు తయారైంది. రేపు అక్క చిన్న కర్రీ పాయింట్ పెడ్త అంటే బ్యాంకోళ్లకు చూపెట్టనీకి ఏదో ఒకటి ఉంటది. అందరికి అందిందా అంటే లేదు, అక్క పక్క బండామెకు సర్వేల పేరు రాలే, ఆమె ఇంకా గిరిగిరిలనే ఉన్నది.

[స్క్రీన్ మీద: డ్రోన్, తర్వాత రాకెట్ షాట్]

ఇప్పుడు ఇన్నోవేషన్ దిక్కు వద్దాం. ఇన్నోవేషన్ అనంగనే మనోళ్లు స్టార్టప్‌ల కోసం కట్టిన టీ-హబ్ బిల్డింగ్ చూపెడ్తరు. మంచిదే, 2015ల ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌ల మొదలైంది, 2022ల రాయదుర్గంకు మారింది, ఆడోళ్ల స్టార్టప్‌లకు 2018ల వీ-హబ్ గూడ వచ్చింది. గని అద్దాల బిల్డింగ్ కన్నా ఒక్కోసారి ఒక పాత రూల్ తీసేస్తేనే ఎక్కువ పని అయితది. డ్రోన్లనే తీస్కో, 2021 ఆగస్టు రూల్స్ రాకముందు 25 ఫారాలు, 72 రకాల ఫీజులు, ఇది చూసి ఏ ఇంజినీర్ పోరడు డ్రోన్ ఎగరేస్తడు చెప్పుర్రి, పతంగి ఎగరేస్కుంటడు. కొత్త రూల్స్‌ల 5 ఫారాలు, 4 ఫీజులు అయినయ్. ఆ సెప్టెంబర్‌లనే మన వికారాబాద్‌ల డ్రోన్ల మీద మందులు పంపే ప్రయోగం మొదలుపెట్టిర్రు.

రాకెట్లు గూడ అంతే. మన సిటీల రాకెట్ల పార్టులు చేసే షాపులు ఏండ్ల సంది ఉన్నయ్, ఇస్రోకి చేసిచ్చేటోళ్లు, అంతవరకే, సొంత రాకెట్ అనే ముచ్చటే లేదు. 2020ల స్పేస్ రంగం ప్రైవేట్‌కి తెరిచిర్రు, పర్మిషన్లకు ఇన్-స్పేస్ అని ఒక్క తలుపు పెట్టిర్రు, 2022 నవంబర్ 18న మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ విక్రమ్-ఎస్ రాకెట్‌ని శ్రీహరికోట నుంచి ఎగరేసింది, దేశంల ప్రైవేట్‌గ తయారైన మొదటి రాకెట్. తెలివి ముందు గూడ ఉన్నది, ఇస్రో పాత ఇంజినీర్లే కదా పెట్టిర్రు, లేనిది తలుపు.

తెలంగాణల పరిశ్రమల పర్మిషన్లకు తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం గూడ ఈ లెక్కల్నే, 2014ల తెచ్చిర్రు, గడువు లోపల అధికారి ఏ జవాబు ఇయ్యకపోతే పర్మిషన్ వచ్చినట్టే. ఫైలు మీద కూసునే అలవాటుకు ఇంతకన్నా మంచి మందు నేను చూడలే.

[కెమెరాకు దగ్గరగ, మ్యూజిక్ బంద్]

ఇగ ఇప్పుడు ఇంకో మాట, ఇది చెప్పకపోతే వీడియో సగం అబద్ధం. శాఖల కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగి వివరం తీస్కుంటయ్ అని పైన ఎస్టోనియా గురించి పొగిడిన కదా, మన దగ్గర గూడ శాఖల వివరాలు కలిపిర్రు, గని వేరే తీరు. సమగ్ర వేదిక అని ఒక సిస్టమ్, బండ్లు, ఆస్తులు, కరెంటు, ఇంకా చాన వివరాలు పేర్లతోని కలిపి ఎవరు అర్హులు ఎవరు కాదు అని చెప్తది. 2016 సంది రాష్ట్రంల దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు పోయినయ్, దాంట్ల దొంగ కార్డులు ఉన్నయ్, కాదనను, గని ఇంకెవరిదో కారు తమ పేరు మీద చూపెట్టి కార్డు పోయినోళ్లు గూడ ఉన్నరు. వీళ్లకు ముందుగాల నోటీస్ గూడ రాలే, బియ్యానికి పోతే "మీ కార్డు లేదు" అన్నరు. ఈ ముచ్చట సుప్రీంకోర్టు దాంక పోయింది, 2022ల కోర్టు ఆ కార్డులన్నీ ఇంటింటికి పోయి చెక్ చెయ్యమన్నది. అంటే కంప్యూటర్ ఒక్క బటన్‌తోని తీసేసిన పేరుకు, మనిషి పోయి తలుపు కొట్టి చూసుడే చివరికి మందు. జిరాక్స్ అడిగితే కనీసం నీకు తెలుస్తది నిన్ను ఏదో అడుగుతున్నరని, ఇక్కడ నిన్ను అడగకుంటనే నీ గురించి తేల్చేసిర్రు. నేను "జిరాక్స్ వద్దు" అంటున్నది నిజమే, గని తప్పయితే ఎవర్ని అడగాలె అనే కిటికీ గూడ ఉండాలె, ఆ కిటికీల మనిషి ఉండాలె.

అదే రేషన్‌ల మంచి గూడ జరిగింది, 2019 ఆగస్టుల తెలంగాణ, ఆంధ్ర కల్సి ప్రయోగం మొదలుపెట్టినయ్, శ్రీకాకుళం కార్డు ఉన్న మనిషి కొండాపూర్‌ల బిల్డింగ్ పనికొస్తే ఇక్కడి షాపుల బియ్యం తీస్కోవచ్చు. వలస కూలీకి ఇది చిన్న ముచ్చట కాదు. గని సిమెంటు పని చేసే చేతుల మీద వేలిముద్ర పడది, అందుకే కరోనా టైమ్‌ల ఐరిస్ అంటే కంటిపాప స్కాన్, ఓటీపీ పెట్టిర్రు, ఓటీపీ అనంగనే ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ లేనోళ్లంత మళ్ల సెంటర్ల ముందు లైన్ల నిలబడ్డరు.

[కట్: మళ్ల జిరాక్స్ షాపు]

ఈ వీడియో షూట్‌కి వచ్చినప్పుడు ఈ షాపు అన్నతోని ముచ్చట పెట్టిన. అన్నా గిరాకీ తగ్గిందా అంటే, "జిరాక్స్ తగ్గింది, ఓటీపీలు పెరిగినయ్" అన్నడు. మిషన్ ఒక మూలకు జరిపి రెండు కంప్యూటర్లు పెట్టిండు, స్లాట్ బుకింగులు, ఆధార్ అడ్రస్ మార్చుడు, చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఉద్యమ్ ఫ్రీ కదా అన్నా, నువ్వు పైసలు ఎట్ల తీస్కుంటున్నవ్ అన్న. "రిజిస్ట్రేషన్ ఫ్రీనే తమ్మీ, నింపుడు ఫ్రీ కాదు" అని నవ్విండు. నేను ఇంకేదో అడగబోయిన, అంతల ఒక ముసలామె చీర కొంగుల నుంచి చిన్న బటన్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది, "ఏదో నంబర్ వచ్చినట్టుంది చూడు బిడ్డా" అన్నది, అన్న నన్ను జరగమని ఆ ఫోన్ చేతుల తీస్కున్నడు.